విమానమెక్కిన బ్యాటరీ బండి

ఆత్మకూరు బస్టాండులోని ఎస్టీడీ బూత్‌కు వచ్చే ఫోన్లన్నీ వేరేవాళ్లవే. బొంబాయికి మట్టి పనికి పోయినాయన పెళ్లానికి చేస్తాడు. పుణెలో రోడ్డు పనిలో ఉన్న కూతురు తల్లికి చేస్తుంది. బూత్ నడిపే రేణుకమ్మ రిసీవరు పక్కన పెట్టి, తన చక్రాల బండిని గడప దాకా తెచ్చి, "ఓ ఈదమ్మా, నీకే ఫోను! జల్ది రా!" అని బస్టాండంతా వినబడేలా కేకేస్తుంది. పన్నెండేళ్లుగా ఇదే పని. ఇంటింటికీ సెల్లు వచ్చాక కేకలు తగ్గాయి గానీ ఆగిపోలేదు. ఇన్నేళ్లలో రేణుకమ్మను అడిగి, రేణుకమ్మ కోసమే దూరం నుంచి వచ్చిన ఫోను మాత్రం ఒక్కటీ లేదు.

2008లో దీపావళి అయిపోయిన వారం, రేణుకమ్మ వదిన అలివేలమ్మ మధ్యాహ్నం అన్నం గిన్నె పట్టుకొని బూత్‌కు వచ్చేసరికి, ఆడబిడ్డ రిసీవరును రెండు చేతులతో పట్టుకొని కూర్చుంది. ముఖమంతా చెమట. "హా జీ, హా జీ" అంటోంది తప్ప ఇంకో మాట లేదు. బూత్‌లో కూర్చొని నేర్చిన హిందీ అంతా ఎటు పోయిందో.

ఫోను పెట్టేశాక అలివేలమ్మ భయంగా అడిగింది. "ఎవరికేమైందే?"

"నాకే వదినా! ఫోను నాకే! ఢిల్లీ నుంచి!"

"ఢిల్లీల మనకెవరున్నరు?"

"ఎవ్వరు లేరు. లేకున్నా పిలుస్తుండ్రు!"

సంగతేమంటే, ఆత్మకూరు బస్టాండులోకి ఎక్కడానికి ముందు నాలుగు మెట్లే ఉండేవి. రేణుకమ్మ డిపోకు ఉత్తరం మీద ఉత్తరం రాసింది. ఒకటి కాదు, ముప్పై ఏడు. చివరికి విసుగెత్తో, సిగ్గుపడో, మెట్ల పక్కన సిమెంటుతో ఏటవాలు దారి పోయించారు. ఆ ముచ్చట పేపర్లో నాలుగు వరుసలు పడింది. అది చదివిన ఢిల్లీ వికలాంగుల సంఘం వాళ్లు, దేశమంతటి నుంచి చక్రాల కుర్చీల్లో తిరిగేవాళ్లను పిలిచి రెండు రోజుల సభ పెడుతున్నారు. అందులో రేణుకమ్మ పావుగంట మాట్లాడాలి. తోడుగా ఒకరు రావచ్చు. ఇద్దరికీ విమానం టికెట్లు వాళ్లే పంపుతారు.

"విమానమా?" అంది అలివేలమ్మ. గిన్నెలోని పప్పు ఆమె చీర మీద ఒలికింది. ఇద్దరిలో ఎవరూ చూడలేదు.

"అయితే ఒక మాట చెప్పింది ఆ మేడం. బండి తెస్తే పరేషాన్ అయితది, ఇంటికాడ పెట్టి రమ్మన్నది. గాడ ఇంకో కుర్చీ ఇస్తరంట. నూకేతందుకు మనిషిని గూడ ఇస్తరంట."

"మంచిదే గదా?"

రేణుకమ్మ నవ్వు ఆగిపోయింది. "నా బండి రాకుంటే నేను పోను వదినా. గదే చెప్పిన."

రేణుకమ్మకు మూడో ఏట పోలియో వచ్చింది. పన్నెండేళ్లు వచ్చేదాకా తల్లి చంకనేసుకొని తిప్పింది. తల్లి నడుము పడిపోయాక అన్న కురుమయ్య వీపు మీద బడికి, దవాఖానకు, జాతరకు తిరిగింది. బరువు మోసేవాళ్లకు తెలుస్తుందంటారు గానీ, మోయించుకునేవాళ్లకు ఇంకా ఎక్కువ తెలుస్తుంది. ఎవరికి ఆయాసం వస్తున్నా తనదే తప్పన్నట్టు ఉండేది. దాహమైతే నీళ్లు తాగేది కాదు, మళ్లీ ఎవరినో లేపాలి కదా అని.

నాగర్‌కర్నూల్‌లో జరిగిన ఒక క్యాంపులో చక్రాల కుర్చీ ఇచ్చారు. కురుమయ్యకు బస్టాండు వెనక బ్యాటరీల దుకాణం. అతను ఆ కుర్చీని దుకాణం ముందు పెట్టుకొని రెండు నెలలు చూశాడు. లారీ అద్దాలు తుడిచే మోటార్లు రెండు తెచ్చి చెరో చక్రానికి బిగించాడు. సీటు కింద బ్యాటరీ పెట్టాడు. కుడి చేతి దగ్గర ఒక పుల్ల. ముందుకు తోస్తే ముందుకు, పక్కకు తోస్తే పక్కకు. మొదటి రోజు రేణుకమ్మ దాన్ని తోలుకుంటూ సంత దాకా ఒక్కతే పోయి, ఏమీ కొనకుండా తిరిగొచ్చింది. ఆ సాయంత్రం చెంబెడు నీళ్లు గటగట తాగింది. అలివేలమ్మకు అది బాగా గుర్తు.

కురుమయ్య పోయి ఏడాదిన్నర. దుకాణంలో స్టూలు మీద కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. అప్పటి నుంచి అలివేలమ్మ వండుతుంది, అన్నం తెస్తుంది, పోతుంది. అతని సామాన్ల పెట్టె మంచం కింద అట్లాగే ఉంది.

ఢిల్లీ ఫోను వచ్చిన మర్నాడు రేణుకమ్మ విమాన కంపెనీకి ఫోను కొట్టింది. ఇప్పుడు హిందీ తిరిగొచ్చింది, దానితో పాటు రోషమూ వచ్చింది. అవతల ఒక అమ్మాయి గొంతు.

"బండి ఏ కంపెనీది మేడం?"

"మా అన్న కంపెనీ."

ఆ అమ్మాయి నవ్వింది, అడగాల్సినవి ఒక్కొక్కటే అడిగింది. పొడవెంత, వెడల్పెంత, వీపు పట్టీ మడిస్తే ఎత్తెంత, బరువెంత. విమానంలో సామాన్లు పెట్టే అర తలుపులో నుంచి బండి నిలువుగా పట్టాలట. పక్కకు పడుకోబెడితే పాడవుతుంది. రేణుకమ్మ రిసీవరు భుజానికి ఆనించి, "వదినా, టేపు!" అంది. అలివేలమ్మ పక్క దర్జీ దగ్గర టేపు తెచ్చి కొలిచింది. బరువు కోసం బండిని పల్లీలు తూచే కాటా మీదికి ఎక్కించారు. కాటా ముందు పదిమంది పోగయ్యారు.

అప్పుడు వచ్చింది అసలు ప్రశ్న. బ్యాటరీ ఎట్లాంటిది? నీళ్లు పోసేదా, పోయనిదా?

పోసేదే. కురుమయ్య ఉన్నప్పుడు నెలకోసారి తనే పోసేవాడు. ఇప్పుడు దుకాణం నడుపుతున్న మాసయ్య పోస్తున్నాడు. లోపల యాసిడ్డు.

"గట్లాంటిది తీసుకుంటరు గని, ఊడదీసి వేరే డబ్బాల నిలబెట్టాలంట. చుక్క కారినా కష్టమంట," అంది రేణుకమ్మ ఫోను పెట్టేసి. "నీళ్లు పొయ్యని సీలు బ్యాటరీ అయితే బండికే ఉంచొచ్చంట. తీగలు ఊడదీసి, కొసలకు టేపు చుట్టి, దేనికీ తగలకుండ చేయాలంట. రెండు దినాల ముందే మల్ల ఫోను చేసి, బండి వస్తుందని రాయించుకోవాలంట. మూడు గంటల ముందు గాడ ఉండాలంట. ఇంగ..."

"ఇంగేంది?"

"తీగలు ఊడదీసేది, మల్ల పెట్టేది మనమే చేసుకోవాలంట. వాళ్లకు ఈ బండి తెల్వదు గదా."

మాసయ్య కురుమయ్య దగ్గర పని నేర్చినవాడు. అలివేలమ్మను అక్కా అంటాడు. ఆ రోజే గద్వాలకు పోయి సీలు బ్యాటరీ తెచ్చి, దాన్ని పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకొని బస్సు దిగాడు.

"మాసన్నా, నువ్వే వచ్చి పెడుదువు గాని," అంది అలివేలమ్మ.

"టికెట్ మీద నీ పేరున్నది అక్కా, నాది లేదు. నేనేం రెక్క మీద కూసోని రావాల్నా?"

"నాకు తెల్వదు. నేను వంట చేసేదాన్ని."

"తెల్వకేంది? అన్న పని చేస్తుంటే పానాలు అందిచ్చిందెవరు? అన్న అడగకముందే పది నంబరు చేతుల పెట్టేదానివి. నేను చూడలేదా? నన్నెన్నడు అట్ల మెచ్చుకోలే ఆయన."

అలివేలమ్మ ఇంటికి పోయి మంచం కింది పెట్టె లాగింది. మూత తెరవగానే గ్రీజు వాసన గుప్పుమంది. పది నంబరు పానా తీసి కొంగుకు తుడిచి, బూత్‌కు తీసుకొచ్చింది.

నాలుగు రోజులు నేర్చుకుంది. ఊడదీసేటప్పుడు మైనస్సు ముందు, పెట్టేటప్పుడు ప్లస్సు ముందు. మొదటి రోజు నట్టు జారి కాలువలో పడింది. రెండో రోజు వేలు చితికింది. నాలుగో రోజు, మాసయ్య ముట్టించిన బీడీ సగం కాలేలోపు రెండు తీగలూ ఊడదీసి, టేపు చుట్టి, మళ్లీ విప్పి బిగించేసింది. రేణుకమ్మ చప్పట్లు కొట్టింది.

"ఒక్కటి యాదికుంచుకో అక్కా," అన్నాడు మాసయ్య. "అన్న ఈ తీగలు పాత లారీల నుంచి తీసిండు. రెండూ నల్లయే. కుంకుమ బొట్టు ఉన్నది ప్లస్సు తీగ. అన్న పెట్టిన గుర్తు. ఉల్టా పెట్టినవనుకో, పుల్ల కింద ఉన్న సామానంతా కాలిపోతది. ఇంగ బండి ఢిల్లీలనే ఉంటది."

బయలుదేరే పొద్దున వాడకట్టంతా వచ్చింది. పక్కింటి జోగులమ్మ పళ్లెంలో పసుపు, కుంకుమ, నిమ్మకాయలు పెట్టుకొని వచ్చింది. కొత్త తోవ పట్టిన ఏ బండికైనా పూజ చేయకుండా ఆమె వదలదు. బోరు లారీకి చేసింది, ట్రాక్టరుకు చేసింది, ఆకాశంలోకి పోయే బండికి చేయదా? చక్రాలకు, హ్యాండిలుకు, మోటార్లకు, సీటు కింద చెయ్యి పోయినంత మేర బొట్లు పెట్టింది.

"సాలు పెద్దమ్మా, విమానపోళ్లు చూస్తే భయపడ్తరు," అంది రేణుకమ్మ.

"భయపడనీ. ఎవరి బండో తెలుస్తది."

మాసయ్య చిన్న ట్రాలీ బండి మాట్లాడి, తనే తోలాడు. రేణుకమ్మ అతని పక్కన. వెనక, తాళ్లతో కట్టిన కుర్చీని పట్టుకొని అలివేలమ్మ. కొత్తకోట దగ్గర పెద్ద రోడ్డెక్కాక గాలి విసరడం మొదలైంది. జడ్చర్ల దాటింది, షాద్‌నగర్ దాటింది. విమానాశ్రయం బేగంపేటలో ఉన్నన్నాళ్లూ హైదరాబాద్ పట్నమంతా దాటిపోవాల్సి వచ్చేది. ఆ ఏడు మార్చిలో శంషాబాద్‌కు వచ్చాక పాలమూరోళ్ల తోవలోనే పడింది. తలమీద నుంచి ఒక విమానం చెవులు చిల్లులు పడేలా దిగింది. ముందు నుంచి రేణుకమ్మ అరుపు వినబడింది. "వదినా! చూసినవా? చక్రాలు బయటికొచ్చినయి!"

లోపలికి పోయాక రేణుకమ్మ ఒక్క క్షణం బండి ఆపింది. ఎంత దూరం చూసినా గచ్చే. గుంత లేదు, గడప లేదు, రాయి లేదు. పుల్లను ముందుకు తోసింది. బండి చప్పుడే చేయలేదు. ఆత్మకూరులో ఎన్నడూ పోనంత వేగంగా పోయింది. అలివేలమ్మ సంచీ ఎగరేసుకుంటూ వెనకే పరుగెత్తింది.

"నిలబడే! పడ్తవు!"

"ఏడ పడ్త? పడేతందుకు ఏమన్న ఉన్నదా ఈడ?"

కంపెనీ కౌంటరులో వీళ్ల సంగతి ముందే రాసి ఉంది. అయినా అక్కడి అతను, బండిని ఇక్కడే ఇచ్చేసి తమ కుర్చీలో కూర్చోమన్నాడు. రేణుకమ్మ తల అడ్డంగా ఊపింది. విమానం తలుపు దాకా నా బండిలోనే వస్తాను, ఫోనులో అడిగి రాయించుకున్నాను, చూడండి అంది. చూశాడు. రాసే ఉంది. తనిఖీ చేసేవాళ్లు పానాను లోపలికి తీసుకుపోకూడదన్నారు. దాన్ని గుడ్డలో చుట్టి, పెద్ద సంచీలో పెట్టి, సామాను బెల్టు మీద పంపారు. తలుపు దగ్గర ఊడదీయడానికి పానా కావాలి కదా అని అలివేలమ్మ అడిగింది. కంపెనీ మనుషుల్లో ఒకతను తమ సామాన్లవాళ్ల దగ్గరున్న పానా తెప్పిస్తానన్నాడు. తెప్పించాడు కూడా. దిగేచోట వాళ్లకూ ఒకటి సిద్ధంగా ఉంచమని ఫోను చేశాడు.

విమానం తలుపు దగ్గర రేణుకమ్మను ఒక సన్నటి కుర్చీలోకి మార్చాక, మోకాళ్ల మీద కూర్చొని, అలివేలమ్మ బ్యాటరీ మీదున్న గుర్తులు చూసి ముందు మైనస్సు ఊడదీసింది, తర్వాత ప్లస్సు. టేపు గట్టిగా చుట్టింది. పుల్లకు దెబ్బ తగలకుండా పాత తువ్వాల కట్టింది. సీటు మీది మెత్త తీసి చంకలో పెట్టుకుంది. బండిని తీసుకుపోయేవాళ్లకు, "నిలువుగనే పట్టాలె, పండబెట్టొద్దు" అని చేత్తో చూపించి రెండుసార్లు చెప్పింది.

విమానంలో సీట్ల మధ్య దారి చేటంత కూడా లేదు. దానికోసమే ఆ సన్నటి కుర్చీ. అందులో నుంచి సీట్లోకి ఎత్తడానికి వచ్చిన ఇద్దరు ఆడవాళ్లను రేణుకమ్మ ఆపింది. "రెక్కలు పట్టి గుంజొద్దు. ఒకరు మోకాళ్ల కింద, ఒకరు వెనక నుంచి. నేను మూడు అన్నంక లేపాలె." ఒకటి, రెండు, మూడు. అంతే, సీట్లో ఉంది.

విమానం పరుగు తీసినప్పుడు ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు నలిపేసుకున్నారు. నేల వదిలేసింది. అలివేలమ్మ కడుపు కిందే ఉండిపోయినట్టయింది. ఆమె కళ్లు మూసుకొనే అడిగింది. "ఏం కనబడ్తుందే?"

"ఎర్ర చెలకలు. కుంటలు అద్దం ముక్కల్లెక్క ఉన్నయి. లారీలు చీమలు. వదినా, కండ్లు తెరువు, మల్ల రాదు ఇది!"

తెరిచింది. అంత ఎత్తు నుంచి ఏ ఊరు ఏదో తెలియలేదు. ఆయన ఉంటే కిటికీ చూసేవాడా, రెక్క కింది మోటారు చూసేవాడా అనుకుంది. మోటారే చూసేవాడు. నవ్వొచ్చింది, కళ్లు కూడా తడిశాయి. నీళ్లు తెచ్చిన అమ్మాయి కావాలా అన్నట్టు చూస్తే, రేణుకమ్మ వద్దని చేయి ఊపింది. దిగాక బండి ఉంటేనే నీళ్లు.

ఢిల్లీలో అందరూ దిగిపోయారు. వీళ్లిద్దరే మిగిలారు. ఎంతసేపటికీ బండి రాలేదు. కోటు వేసుకున్న ఒక ఆఫీసరు వచ్చి గడియారం చూసుకున్నాడు. చివరికి బండి వచ్చింది, నిలువుగానే. ఒంటినిండా బొట్లతో, పెళ్లికూతురిలా. రేణుకమ్మను సన్న కుర్చీలో తలుపు బయటికి తెచ్చి నిలిపారు. అలివేలమ్మ చేతికి పానా ఇచ్చారు.

టేపు విప్పింది. ప్లస్సు తీగ కోసం బొట్టు చూసింది. ఉంది. రెండో తీగ టేపు విప్పింది. దానికీ ఉంది.

రెండు నల్ల తీగలు. రెండు ఎర్ర బొట్లు. జోగులమ్మ చెయ్యి ఇంత లోపలికి ఎట్లా పోయింది?

"ఏమైంది వదినా?"

"జోగులమ్మ ముంచిందే. రెండిట్లకు పెట్టింది బొట్టు. ఏది ప్లస్సో తెల్వదు."

రేణుకమ్మ ముఖం పాలిపోయింది. మాసయ్యకు ఫోను చేద్దామన్నా, అతను ట్రాలీ తోలుకుంటూ ఏ రోడ్డు మీద ఉన్నాడో. ఆఫీసరు ఇంకోసారి గడియారం చూసుకొని, మా కుర్చీలో పంపిస్తాం, మీ బండిని రేపు ఎవరైనా మెకానిక్కు చూస్తాడు అన్నాడు హిందీలో. అప్పటికే ఒకడు కుర్చీ తోసుకొచ్చి, రేణుకమ్మ చంకల కింద చేతులు పెట్టబోయాడు.

"ఆగు!" అంది అలివేలమ్మ. అంత గట్టిగా అరిచానని ఆమెకే తెలియలేదు. వాడు ఆగిపోయాడు.

ఆమె నేల మీద కూర్చొని, ఒక తీగను వేళ్ల మధ్య పట్టుకొని, దాని వెంటే చెయ్యి సీటు కిందికి పోనిచ్చింది. నున్నగా పోయింది, ఏమీ తగల్లేదు. రెండో తీగ పట్టుకుంది. జానెడు పోయాక వేలికి చిన్న డబ్బా తగిలింది. బొటనవేలంత. మూత తీస్తే లోపల గాజు గొట్టం. ఫ్యూజు. ఎన్నిసార్లు అందించింది దాన్ని! ఫ్యూజు ఇయ్యి, ప్లస్సుకు వేయాలె అని కురుమయ్య చెయ్యి చాచేవాడు. ఏ బండి తెచ్చినా, ఎవరి బండి తెచ్చినా, అదే మాట. మైనస్సుకు వేస్తానని ఒక్కనాడూ అనలేదు.

ఆ తీగను ప్లస్సుకు పెట్టింది. నట్టు బిగించింది. రెండోది మైనస్సుకు. రెండు నట్లూ ఇంకోసారి బిగించి చూసింది. స్విచ్చు మీద వేలు పెట్టి ఆడబిడ్డ వైపు చూసింది.

"నొక్కు వదినా."

"కాలితే?"

"కాలదు. నువ్వు పెట్టినవ్ గదా."

టక్కుమంది. పొగ లేదు. మోటార్లు చిన్నగా మూలిగాయి.

ఒకటి, రెండు, మూడు. రేణుకమ్మ తన బండిలో పడింది. పుల్లను ముందుకు తోసింది. ఎదురుగా పొడుగాటి దారి, గాజు గోడలు. వెనక్కి తిరిగి చూడకుండా దూసుకుపోయింది. "నీళ్లు! ముందుగాల నీళ్లు యాడున్నయో చూడు వదినా!" అన్న కేక మాత్రం వెనక్కి వచ్చింది.

ఆఫీసరు పానా వెనక్కి తీసుకుంటూ, నల్లబడిన ఆమె వేళ్ల వైపు చూసి, మీరు మెకానిక్కా అని అడిగాడు.

అలివేలమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. "హా. మెకానిక్కునే," అని, చీర కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తిపట్టుకొని, సంచీ ఇంకో చేత్తో లాగుకుంటూ, ఆడబిడ్డ వెనక పరుగు తీసింది.